చిన్న గాటు, పెద్ద నిజము

గాయము చిన్నదైనంత మాత్రమున కార్యమును చిన్నదగునా? పెద్దల గుండె శస్త్రచికిత్సకై సమ్మతి పత్రము చేతికి వచ్చిన వేళ, ఆసుపత్రి వరండాలో మన కుటుంబములకు ఎదురగు ప్రశ్న ఇది.

గుండె కండరమునకు రక్తము నిచ్చు ధమనులలో కొవ్వు పేరుకొని దారి మూసుకొనిపోయినచో, మరియొక నాళముతో ప్రక్కదారి కల్పించుటయే బైపాసు. 1964లో లెనిన్‌గ్రాడులో కొలెసోవ్ రొమ్ము లోపలి ధమనిని గుండె ధమనికి కుట్టిరి. 1967లో క్లీవ్‌లాండులో ఫావలోరో కాలి సిరతో ఈ విధానమును స్థిరపరచిరి. మన దేశమున 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె. ఎం. చెరియన్ గారు దీనిని చేసి చూపిరి.

సాధారణ పద్ధతిలో రొమ్ముటెముకను నిలువునా కోయుదురు. 1990 దశకము నుండి వ్యాపించిన చిన్న గాటు పద్ధతిలో ఆ ఎముక జోలికి పోక, ఎడమ ప్రక్కటెముకల నడుమ కొలది అంగుళముల గాటు చేసి, కొట్టుకొనుచున్న గుండె మీదనే కుట్లు వేయుదురు. రోగి త్వరగా కోలుకొనును. ఇది గొప్ప మేలే. అయినను కుట్టుపడునది గుండెకే. రక్తస్రావము, పక్షవాతము వంటి అపాయములు బొత్తిగా తొలగిపోవు. ఒక్కొక్కప్పుడు నడుమనే రొమ్ము తెరువవలసి రావచ్చును. అన్ని ధమనుల అడ్డంకులకు ఈ పద్ధతి తగదు.

వైద్యుడు ఈ సంగతులను కన్నడముననో, తమిళముననో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఆంగ్లముననో చెప్పును. తరతరములుగా ఇచ్చట నున్న మనకు ఆ భాషలు కొత్త కావు. కాని భయము కలిగిన వేళ పెద్దల మనస్సు ఇంటి మాటనే వెదకును. అప్పుడు కుమారుడు దుబాసి యగును. "చిన్న గాటేనట నాన్నగారూ, త్వరలోనే ఇంటికి వెళ్ళిపోదాము" అని చెప్పి, తక్కినది మ్రింగివేయును. ఆ మాటలో అబద్ధము లేదు. నిజమును పూర్తిగా లేదు.

భయము గుండెకు కీడు గదా, ప్రేమతో దాచిన తప్పేమని కొందరందురు. త్రోసివేయరాని మాటయే. చెప్పు తీరు మెత్తగా నుండవలెను. చెప్పవలసినది మాత్రము తగ్గరాదు. దేహము వారిది. ఇంకొక వైద్యుని అడుగుటకు, వలదనుటకు, అప్పుల లెక్క అప్పగించుటకు, మాటలు లేని తమ్మునికి కబురంపుటకు హక్కు వారిదే. మచ్చ చిన్నదని జబ్బు పోయెననుకొని మందులు మాని, మరల చుట్ట ముట్టించినచో, నిజము దాచిన మనకును అందులో పాలు లేదా?

ఇంటిలో తెలుగును నిలుపుకొన్నామని పండుగలకు, పద్యములకు సంతసించుచున్నాము. కఠినమైన సంగతిని తండ్రి ప్రక్కన కూర్చుండి, ఆయన చేయి పట్టుకొని, విడువక చెప్పగల తెలుగు మన బిడ్డలకు అబ్బినదా యని కూడ విచారింపవలెను. ఆ పత్రము మీద పెద్దలు చేయు వ్రాలు, తెలిసి చేసిన వ్రాలు కావలెనని మా కోరిక.