బంతి ఎవరిది?

ఇచ్చువాడు నిస్స్వార్థుడు, పట్టి ఉంచుకొనువాడు స్వార్థపరుడు అని సామాన్యముగా చెప్పుదురు. ఈ మాట ఎంతవరకు నిజమో బాస్కెట్‌బాల్ ఆటలో పరీక్షించి చూడవచ్చును. అందు గార్డు అనువాడు బంతిని నడిపించుకొని పోయి, తానే బుట్టలో వేయుటయో, తోటివానికి అందించుటయో క్షణములో నిర్ణయించవలెను. గల్లాపెట్టె ముందు కూర్చున్న వర్తకుని స్థితియు ఇట్టిదే.

అమెరికా కళాశాలల ఆటలో ఇద్దరు గార్డులు ప్రసిద్ధులు. లూయిజియానా స్టేట్ విశ్వవిద్యాలయపు పీట్ మారావిచ్ 1967 నుండి 1970 వరకు 3,667 పాయింట్లు చేసెను. ఆటకు సగటు 44.2. డ్యూక్ విశ్వవిద్యాలయపు బాబీ హర్లీ 1989–93 మధ్య 1,076 పర్యాయములు బంతి నందించి తోటివారిచే బుట్టలో వేయించెను. 1991, 1992లలో డ్యూక్ జాతీయ విజేత అయినది. మారావిచ్ ఉన్న మూడేండ్లలో అతని జట్టు ఆ పోటీలో అడుగైనను పెట్టలేదు.

ఇంతమాత్రముచే తీర్పు చెప్పుట అనేకాంత దృష్టి కాదు. మారావిచ్ ఆడకముందు, 1966–67లో, ఆ జట్టు 26 ఆటలలో 3 మాత్రమే గెలిచినది. 1969–70లో 22 గెలిచినది. శిక్షకుడైన తండ్రియే అతనిని బంతి వేయుమని ప్రోత్సహించెను. హర్లీ ప్రక్కన లేట్నర్, గ్రాంట్ హిల్ వంటి సమర్థులుండిరి.

మరి భేదమెక్కడ? తత్త్వార్థసూత్రము పరిగ్రహమును వస్తువునందు గాక మమకారమునందు చూపినది. బంతి చేతనుండుట దోషము కాదు. అది నాదనుకొనుట దోషము. తన లెక్క పెరుగుటకే బంతి నందించువాడును లోభియే. గురి తప్పునను భయముతో అందించువాడు త్యాగి కాడు, బాధ్యత తప్పించుకొన్నవాడు.

వ్యాపారమునందును ఇంతే. బెంగుళూరుకు దక్షిణముగా హోసూరు రోడ్డుపైనున్న బొమ్మసంద్ర పారిశ్రామికవాడ వంటి చోట్ల ఒక కార్ఖానాలో చేసిన భాగము మరొక కార్ఖానా యంత్రములో అమరును. సరుకును, పైకమును సకాలమున చేతులు మారినప్పుడే అందరికి బ్రతుకు. చిన్న పరిశ్రమల బాకీ 45 దినములు దాటనీయరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. పెట్టుబడికై పైకము నిలువ ఉంచుట వివేకము. ఇయ్యవలసిన పైకమును ఆపి వడ్డీ మిగుల్చుకొనుట బంతి వదలని గార్డు పని. అట్లు మిగిల్చిన సొమ్ముతో పాలరాతిపై పేరు చెక్కించుకొన్నంత మాత్రమున అది దానము కానేరదు.

పర్యూషణ దినములలో ప్రతిక్రమణకు కూర్చున్న వర్తకుడు తన ఖాతాపుస్తకమును తలచుకొని ఈ ఒక్క ప్రశ్న వేసుకొనుట మేలు: ‘ఈ పైకము నా చేత నిలిచినది అందరి మేలుకా, నా మమకారముచేతనా?’