ఒక శిఖరం, ఐదు కారణాలు: కొండెక్కే ముందు గీత 18వ అధ్యాయం

 

తెనాలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లం నలుగురం ఫ్రెండ్స్ గైడ్‌ని పెట్టుకుని హిమాలయాల్లో ఆరువేల మీటర్ల మంచు శిఖరం ఎక్కాలనుకుంటున్నాం. అమ్మ వద్దంటోంది. ఇది సాహసమా, అహంకారమా?"

మంచి ప్రశ్న అండి. ఇంట్లో అమ్మ భయపడుతుంటే "భగవంతుడున్నాడు, వెళ్లిపో" అనేయడం చాలా తేలిక. కానీ శాస్త్రం అలా చెప్పదు.

గీత పదో అధ్యాయంలో స్వామి తన విభూతులు చెబుతూ, కదలని వాటిలో హిమాలయాన్ని నేనే అంటాడు. అంటే మనం వెళ్లేది ఆయన దగ్గరికే. కాబట్టి "శిఖరాన్ని జయించాం" అనే మాట మనకి కుదరదు. గుడికి వెళ్లినవాడు గుడిని జయించాను అనడు కదా!

మరి ఎలా వెళ్లాలి? పద్దెనిమిదో అధ్యాయంలో స్వామి ఏ పనికైనా ఐదు కారణాలు ఉంటాయంటాడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, ఐదోది దైవం. గమనించండి, దైవం ఐదోది. మొదటి నాలుగూ మన హోంవర్క్.

1. అధిష్ఠానం అంటే ఈ శరీరం. మన ఊళ్లు డెల్టా ఊళ్లు. వరిచేలు, కాలవలు, సూర్యలంక తీరం. సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులో పెరిగిన ఒళ్లు మనది. ఐదున్నర వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో సగమే ఉంటుంది. ఊపిరి నిండా పీల్చినా సగం ప్రాణవాయువే అందుతుంది. అందుకే కనీసం ఆరు నెలల ముందు నుంచి సాధన మొదలుపెట్టాలి. బరువు బ్యాగుతో మంగళగిరి మెట్లు, కోటప్పకొండ ఎక్కి దిగండి. స్వామి దర్శనమూ అవుతుంది, కాళ్లూ గట్టిపడతాయి. డాక్టర్‌కి చూపించుకోండి. తిండి, నిద్ర, పని మితంగా ఉన్నవాడికే యోగం అని ఆరో అధ్యాయం చెప్పింది ఇందుకే.

2. కర్త. ఎక్కేది నేనే. కానీ నేనొక్కడినే కర్త అనుకునేవాడు నిజం చూడనట్టే అన్నాడు స్వామి. అర్జునుడంతటి వీరుడు రథం పగ్గాలు ఇంకొకరికి ఇచ్చాడు. గైడ్‌ని పెట్టుకోవడం అంటే అదే. అయితే గుడ్డిగా కాదు. జ్ఞానం కావాలంటే నమస్కారం, సేవతో పాటు పరిప్రశ్న కూడా ఉండాలని నాలుగో అధ్యాయం మాట. అడగండి. ఒక్కో గైడ్‌కి ఎంతమంది? మంచు పగుళ్లలో ఎవరైనా పడితే ఎలా తీస్తారు? ఎవరికైనా జబ్బు చేస్తే కిందికి ఎలా దింపుతారు? జవాబులు నచ్చాకే డబ్బు కట్టండి. కట్టాక మాత్రం కొండ మీద ఆయన "వెనక్కి" అంటే వెనక్కే.

3. కరణాలు అంటే సాధనాలు. హిమానీనదం అంటే నెమ్మదిగా కదిలే మంచు. దాంట్లో లోతైన పగుళ్లుంటాయి, పైన కొత్త మంచు కప్పేసి కనబడవు. అందుకే అందరూ ఒకే తాడుకి కట్టుకుని నడుస్తారు. ఒకరు జారితే మిగతావాళ్లు ఐస్ యాక్స్ దిగ్గొట్టి ఆపాలి. బూట్లకి క్రాంపాన్లు, నడుముకి హార్నెస్, తలకి హెల్మెట్. కొనడంతో సరిపోదు, వాడటం రావాలి. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలీల్లోని పర్వతారోహణ సంస్థల్లో దాదాపు నెల రోజుల బేసిక్ కోర్సులున్నాయి. ముందు అది చేయండి. 2014 మే 25న 13 ఏళ్ల మాలావత్ పూర్ణ, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పేదింటి పిల్లలు, గురుకుల విద్యార్థులు. వాళ్లు కూడా భువనగిరి రాళ్ల మీద మొదలుపెట్టి డార్జిలింగ్ వెళ్లి నేర్చుకున్నాకే అక్కడిదాకా చేరారు.

4. చేష్టలు. శంకరులు ఈ మాటకి ప్రాణం, అపానం మొదలైన వాయువుల కదలికలు అని అర్థం చెప్పారు. కొండ మీద ఇది అక్షరాలా నిజం. మూడువేల మీటర్లు దాటాక రోజుకి నిద్రపోయే ఎత్తు అయిదు వందల మీటర్లకి మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి. తలనొప్పి, వాంతులు ఉంటే పైకి వెళ్లకూడదు, తగ్గకపోతే దిగిపోవాలి. లీవులు తక్కువున్నాయని ఈ రోజులు కోసేయకండి. ప్రాణానికి మన ఆఫీసు క్యాలెండర్ తెలీదు.

5. దైవం. 2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ దగ్గర ద్రౌపదీ కా దండా మీద హిమపాతం వచ్చి పాతికమందికి పైగా చనిపోయారు. శిక్షణ పొందుతున్నవాళ్లు, నేర్పేవాళ్లు కూడా. మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. అంతటివాడికే అలా జరిగింది. ఇది వాళ్ల తప్పొప్పుల లెక్క కాదు. మొదటి నాలుగూ నిండుగా ఉన్నా ఐదోది మన చేతిలో లేదని చెప్పడమే.

అందుకే ఫలం వదలడం అనేది కొండ మీద ఒట్టి వేదాంతం కాదండి, ప్రాణరక్షణ. అర్ధరాత్రి మంచు గట్టిగా ఉన్నప్పుడు బయల్దేరతారు. ఎండెక్కితే అది మెత్తబడి ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి వెనక్కి తిరిగే టైమ్ ముందే రాసిపెట్టుకోవాలి. శిఖరం వంద అడుగుల్లో ఉన్నా సరే, ఆ టైమ్‌కి తిరగాలి. రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రిలీజ్ చేయం కదా, ఇదీ అంతే.

ఇంకో మాట. మహాప్రస్థానంలో ధర్మరాజు తనతో నడిచొచ్చిన కుక్కని వదిలేసి స్వర్గానికి రానన్నాడు. మీ తాడులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు, మీ సామాను మోసే మనిషి, వాళ్లే మీకు ఆ రోజు ధర్మం. వాళ్లని వదిలి ఎక్కిన శిఖరం శిఖరం కాదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి జవాబు. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి అమ్మ దగ్గర కూర్చుని చదివి వినిపించు. గైడ్ నంబరు, వెనక్కి తిరిగే టైమ్, ఇన్సూరెన్స్ అన్నీ చెప్పు. ఆవిడ అడిగే ప్రశ్నలు కూడా పరిప్రశ్నే. జవాబు చెప్పలేకపోతే ఇంకో ఏడాది ఆగు, హిమాలయం ఎక్కడికీ పోదు. చెప్పగలిగితే అది సాహసం. అడగనే కూడదనుకుంటే మాత్రం అహంకారం.

ఈ వారం సాధన: మీరు మొదలుపెట్టబోయే పెద్ద పని ఏదైనా సరే, ఈ ఐదు గళ్లలో రాసి చూడండి. ఏ గడి ఖాళీగా ఉందో అక్కడే పని మొదలుపెట్టండి.

శ్రీకృష్ణార్పణమస్తు.