చూద్దాంలే సామీ

మా తిరుపతిలో ఏ నాయకుడి దగ్గరికి స్థలం తగువు పట్టుకుపోయినా ఒకటే జవాబు: "చూద్దాంలే సామీ." అవునని కాదు, కాదనీ కాదు. చాలాకాలం దీన్ని చేతకానితనం అనుకున్నాను. ఇప్పుడు అదీ ఒక తీర్పే అనిపిస్తోంది. కాకపోతే కింద ఎవరి సంతకమూ ఉండదు.

ఊరిని ఆనుకుని ఉన్న అవిలాల, పేరూరు చెరువుల సంగతే చూడండి. 1990ల మొదట్లో ప్రభుత్వం వాటి నేలను ఇళ్లకోసం కేటాయించింది. పేరూరులో 150 ఎకరాలు టీటీడీకిచ్చింది. అవి ఇంక చెరువులుగా పనికిరావన్నది సర్కారు వాదన. కానీ ఏ చెరువూ ఒక్కరోజులో చావదు. కాలవ పూడితే వచ్చే ఏడు తీద్దామంటాం. కట్ట పక్కన గోడ లేస్తే పోనీలే అంటాం. జీవో అన్నిటికంటే చివర్న వస్తుంది.

స్థానికులు ఇంటలెక్చువల్స్ ఫోరం పేరుతో కోర్టుకెళ్లారు. హైకోర్టులో ఓడిపోయారు. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఇలాంటి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనంది. కొత్త కట్టడాలు వద్దంది. అప్పటికే కట్టిన ఇళ్లను ఉండనిచ్చి, పైకప్పు మీద పడే వాననీటిని ఒడిసిపట్టమంది. అప్పటికి పేరూరు జీవో వచ్చి పదిహేనేళ్లు. కోర్టు చెప్పేలోగా కాలం సగం తీర్పు చెప్పేసింది.

నాయకుల ఇబ్బందీ నిజమే. నగలమ్మి ప్లాటు కొన్నవాడిదీ ఓటే, బోరెండిన రైతుదీ ఓటే. ఎవరి కడుపూ కొట్టకుండా ఆగడం దయలాగే కనిపిస్తుంది. కానీ ఆగడం ఇద్దరికీ సమానం కాదు. ఆగేకొద్దీ సిమెంటు గట్టిపడుతుంది, చెరువు పూడుతుంది.

తప్పుడు నిర్ణయమైనా నయమంటాను. ఫోరంవాళ్లు కొట్లాడగలిగింది చేతిలో జీవోలు ఉన్నాయి గనకే. తీసుకోని నిర్ణయం మీద ఎవరిపై వేస్తాం కేసు?

నేను అద్దెకుండే ఇల్లూ ఒకప్పటి చెరువు నేలే. 2021 నవంబరు వానలకు వీధిలో మోకాలిలోతు నీళ్లు నిలిస్తే, అందరితోపాటు నేనూ నాయకుల్ని తిట్టాను. అప్పుడు వాళ్లలో ఒకరు మా గడపలోకొచ్చి, "సరే, ఇది చెరువేనని ఈరోజే తేల్చేస్తాం, ఖాళీ చేస్తావా?" అని అడిగుంటే నా నోట ఏ మాట వచ్చేదో నాకు తెలుసు.