మాత్రయు మానివేతయు

1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు, మన దేశపు సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించునని ఒక బ్రిటిష్ పత్రికలో ప్రకటించిననాడు, దశాబ్దములు గడచునప్పటికి ఇంటింటి అలమరలో నొక మాత్రల అట్ట ఉండునని ఎవ్వరూహించిరి?

మా పెదనాన్నగారు రక్తపుపోటుకై ప్రతిదినము కాఫీకి ముందు టెల్మిసార్టాన్ మాత్రను అట్టనుండి చిటుక్కున నొక్కి అరచేత వేసికొనెడివారు. ఒకనాడు పోటు కొలుచు యంత్రము 120/80 చూపగా, జబ్బు నయమైనదని తలచి మానివేసిరి. ఆ అంకె మాత్ర చలువయే గాని జబ్బు వీడిపోయిన గుర్తు గాదని, కొలది వారములకు పోటు 170 దాటిన పిమ్మట గాని వారికి తోచలేదు. క్లోనిడిన్ వంటి పోటు మందును హఠాత్తుగా మానినచో పోటు మరింత ప్రమాదకరముగా ఎగయును. మానుటయైనను, మార్చుటయైనను వైద్యునితో చెప్పియే జరుగవలెను.

ఒకపూట మరచితిమేని, మరుసటి వేళ సమీపించినచో దానిని విడువవలెనే గాని రెండు మాత్రలొక్కమారు మ్రింగరాదు.

మోకాళ్ల నొప్పికి మందుల దుకాణమున అడిగి తెచ్చుకొను డైక్లోఫినాక్ బిళ్ల నిరపాయమని మనవారి నమ్మిక. అది పోటును పెంచుటయే గాక, టెల్మిసార్టాన్‌తో గూడినప్పుడు మూత్రపిండములకు కీడు చేయగలదు. సోడియము తక్కువని కొను ఉప్పులో పొటాషియము కలిసియుండును. టెల్మిసార్టాన్ వాడువారికి ఆ పొటాషియము రక్తములో మితిమీరవచ్చును. గర్భిణులకు ఈ మాత్ర పనికిరాదు. అమ్లోడిపిన్ అను మరియొక పోటు మందు వాడువారికి చీలమండలు వాచినచో, ఆ మాట వైద్యుని చెవిని వేయవలెను.

పెదనాన్నగారిప్పుడు అట్ట వెనుక పెన్నుతో తిథులు వ్రాసికొనుచున్నారు. ఏకాదశి ఉపవాసమైనను, మాత్రకు సెలవు లేదట!