పటాన్‌చెరు బాహుబలి

పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో పటాన్‌చెరులో దొరికిన బాహుబలి విగ్రహం చూశాను. పన్నెండో శతాబ్దం నాటిది. కాళ్లకు తీగలు అల్లుకున్నా కదలకుండా నిలబడ్డాడు. అప్పట్లో ఆ ఊరు పొట్టలకెరె. కల్యాణి చాళుక్యుల కాలంలో జైనుల కేంద్రం. కంటికి కనబడని ప్రాణి కూడా చావకూడదని నీళ్లు వడగట్టుకుని తాగే మతం వాళ్లది.

ఇప్పుడక్కడ మందుల ఫ్యాక్టరీలున్నాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు, పటాన్‌చెరు దగ్గరి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు.

ఎవరినీ చంపాలని ఎవరూ అనుకోలేదు. తయారయ్యేది ప్రాణం నిలిపే మందే. మరి దీన్ని హింస అనొచ్చా? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను ఏమరుపాటుతో ముడిపెడుతుంది. ఆ లెక్కన కోపం, పగ లేకపోయినా, పట్టించుకోకపోవడం చాలు. కొలవకముందు తెలియదనొచ్చు. కొలిచాక ఆ మాట చెల్లదు.

బాహుబలిలా కదలకుండా ఉండటం మన వల్ల కాదు. జ్వరమొస్తే నాకూ ఆ బిళ్లే కావాలి. నీటిని సరిగ్గా శుద్ధి చేస్తే బిళ్ల ధర పెరుగుతుంది, పేదవాడికి కష్టమంటారు. నిజమే. కానీ నక్కవాగు పక్కన బోరు పాడైన రైతూ పేదవాడే కదా! మన చవక మందుకి ఇన్నాళ్లూ మిగతా డబ్బు కట్టింది అతనే. ఇకమీదట ఎవరు కట్టాలో ఫ్యాక్టరీ, ప్రభుత్వం, కొనే మనం కలిసి తేల్చుకోవాలి.