విదురుడు చెప్పిన రహస్యం, కౌశికుడు చెప్పిన నిజం

ప్రభుత్వం రహస్యమని ముద్ర వేసిన ఫైలు ఒకటి మీ చేతికొచ్చిందనుకోండి. అందులో జనానికి జరుగుతున్న అన్యాయం స్పష్టంగా ఉంది. బయటపెడితే చట్టం ఊరుకోదు, దాచేస్తే మనసు ఊరుకోదు. మరి ధర్మం ఏమంటుంది? భారతంలోని రెండు కథలు చూద్దాం.

మొదటిది ఆదిపర్వంలోది. పాండవుల్ని కాల్చి చంపడానికి దుర్యోధనుడు వారణావతంలో లక్క ఇల్లు కట్టించాడు. ఆ సంగతి విదురుడికి తెలిసింది. ఆయన సాక్షాత్తూ హస్తినాపురం మంత్రి, ఆ రాజ్యం ఉప్పు తింటున్నవాడు. అయినా చెప్పేశాడు. ఎలా చెప్పాడో చూడండి. అందరి ముందే, కానీ ధర్మరాజుకి మాత్రమే అర్థమయ్యే మాటల్లో! పక్కనే ఉన్న కుంతీదేవికి కూడా అర్థం కాలేదు, తర్వాత కొడుకుని అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత సొరంగం తవ్వడానికి నమ్మకమైన మనిషిని కూడా పంపాడు విదురుడు.

రెండోది కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కథ. కౌశికుడనే తపస్వి ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టాడు. దొంగలకి భయపడి కొందరు అడవిలో దాక్కున్నారు. దొంగలొచ్చి అడిగితే ఈయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాళ్లంతా చనిపోయారు, కౌశికుడు నరకానికి పోయాడు.

గమనించారా? ఇద్దరూ చెప్పింది నిజమే. విదురుడి మాట చావబోయేవాళ్లకి చేరింది, కౌశికుడి మాట చంపేవాళ్లకి చేరింది. తేడా అంతా అక్కడే ఉంది.

మన కాలంలోనూ ఇదే పరీక్ష. వియత్నాం యుద్ధం గురించి అమెరికా ప్రభుత్వాలు ప్రజల్ని మభ్యపెట్టాయని చూపే దాదాపు 7,000 పేజీల రహస్య నివేదికని 1971లో డేనియల్ ఎల్స్‌బర్గ్ పత్రికలకి ఇచ్చాడు. ముందు సెనేటర్ల దగ్గరికి వెళ్లాడు, పని జరగలేదు. పత్రికలకి ఇచ్చినప్పుడు కూడా శాంతి చర్చలకి సంబంధించిన 4 సంపుటాలు ఇవ్వకుండా ఆపాడు. ఆ చర్చలు చెడిపోకూడదని! తర్వాత తనే వెళ్లి లొంగిపోయాడు. 115 ఏళ్ల దాకా జైలు పడే కేసు అది. ప్రభుత్వమే అక్రమాలకి పాల్పడిందని తేలడంతో 1973లో కోర్టు కొట్టేసింది. ఆ సంగతి లొంగిపోయిన రోజు ఆయనకి తెలియదు కదండీ!

ఇప్పుడు ముంబై చూడండి. 2008 దాడులప్పుడు కమాండోల కదలికల్ని టీవీలు లైవ్‌లో చూపించాయి. చూపించింది నిజమే. కానీ ఉగ్రవాదుల్ని ఫోన్లో నడిపిస్తున్నవాళ్లూ అవే టీవీలు చూస్తున్నారు. 2012లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇది కౌశికుడి నిజం.

మన దేశంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ ఉంది. అదే సమయంలో, రహస్యం వల్ల కాపాడే ప్రయోజనం కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(2) చెబుతోంది. అంటే తలుపు పగలగొట్టే ముందు, తట్టడానికి ఒక దారి ఉంది. విదురుడూ అంతే. ధృతరాష్ట్రుడికి ముఖం మీదే ఎన్నిసార్లు హితవు చెప్పాడో!

ఒక్క మాట మాత్రం మర్చిపోకండి. లక్క ఇల్లు కాలిన రాత్రి పాండవులు బతికారు. కానీ విందుకొచ్చి అక్కడే నిద్రపోయిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు బూడిదయ్యారు. వ్యాసుడు దాన్ని దాచలేదు. న్యాయం కోసం బయటపెట్టిన రహస్యానికి కూడా ఎక్కడో ఎవరో మూల్యం చెల్లిస్తారు. ఆ ఆరుగురినీ ముందే తలుచుకోగలిగినవాడే రహస్యం విప్పడానికి అర్హుడు.

కాబట్టి సైన్యం కదలికల వీడియో అయినా, ఆఫీసులో దొరికిన ఫైలు అయినా, ఫార్వర్డ్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. ఇది ఎవరిని కాపాడుతుంది? ఎవరి చేతికి చేరుతుంది? దీని ఫలితం నేను మోయగలనా, లేక ఇంకొకరి నెత్తిన పెడుతున్నానా? లైకుల కోసమో, డబ్బు కోసమో, పగతోనో అయితే అది సత్యవ్రతం కాదు. ఒక ప్రాణం కోసం, ఒక అన్యాయం ఆగడం కోసం అయితే, భయం వేసినా సరే, విదురుణ్ణి తలుచుకోండి.

జై శ్రీకృష్ణ!