అడగకుండా తవ్విన కాలువ

కర్నూలు

చిరంజీవి అమ్మికి,

ఎం.బి.ఏ. మొదటి ఏడాది పరీక్షలు అయిపోయినాయనీ, వేసవి ప్రాజెక్టు ఎక్కడ చేయాలో తేలడం లేదనీ రాసినావు. డబ్బులిస్తే కంపెనీ సర్టిఫికెట్టుతో సహా రిపోర్టు తయారుచేసి ఇచ్చేవాళ్లు కడపలోనే ఉన్నారని స్నేహితురాలు చెప్పిందంటివి. ఆ మాట చదివినాక రాత్రి నిద్ర పట్టలేదు తల్లీ.

ఎందుకంటే అట్లాంటి పనే నేనూ చేసినాను. మీ నాయనకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. బేతంచెర్ల నాపరాళ్ల మీద నా ప్రాజెక్టు. పాలిష్ ఫ్యాక్టరీల వాళ్లను, గని కూలీలను యాభై మందిని కలిసి ప్రశ్నపత్రాలు నింపుకొని రావాల. పది నింపేసరికి ఎండకు తాళలేకపోయినాను. మిగతా నలభై లాడ్జి గదిలో ఫ్యాను కింద కూర్చొని నేనే నింపినాను, దస్తూరీ తెలియకుండా నీలం పెన్నూ నల్ల పెన్నూ మార్చి మార్చి. మంచి మార్కులే వచ్చినాయి.

బ్యాంకులో చేరిన నాలుగో ఏట ఒక పాలిష్ ఫ్యాక్టరీ లోను ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. సరుకు చూడడానికి పోయి, నిలువుగా పేర్చిన బండలు లెక్కపెట్టి, విలువ కట్టి సంతకం పెట్టినాను. నా లెక్క చూసి బ్యాంకు ఇచ్చిన అప్పు ఫ్యాక్టరీ యజమాని మోయలేకపోయినాడు. రెండేళ్లకు ఫ్యాక్టరీ మూతబడింది. వేలం రోజున ఒక మేస్త్రీ వచ్చి చిన్న సుత్తెతో బండలను ఒక్కొక్కటే తట్టినాడు. కొన్ని కంచు పళ్లెం మాదిరి ఖంగుమన్నాయి. చానా మటుకు మొద్దుగా టప్పుమన్నాయి. "లోపల నెర్ర ఉంది సార్. లారీలోనే రెండు ముక్కలైతాది" అన్నాడు. ఆ నలభై మందిలో ఏ ఒక్కరిని అడిగినా నాకు ఈ సంగతి చెప్పేవాళ్లే. పని పోయిన పదకొండు మంది కూలీలు ఆ రోజు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

ఎం.బి.ఏ. వద్దనడం లేదు. బ్యాలెన్స్ షీటు చదవడం రాకుంటే ఆ ఉద్యోగమే నాకు వచ్చేది కాదు. కానీ మన కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ కథ నీ పుస్తకాల్లో ఉండకపోవచ్చు, విను. 1858లో ఇంగ్లండు వాటాదారులతో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పుట్టింది. పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి సర్కారే హామీ. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు కాలువ తవ్వినారు. 1871 నాటికి నీళ్లు వచ్చినాయి, కొనేవాళ్లు రాలేదు. నల్లరేగడి తేమ పట్టి ఉంచుతుంది. జొన్న, పత్తి వానకే పండుతాయి. నీటితీరువా కట్టి, చేను మళ్లు చేసి వరి పెట్టాల్సిన అవసరం ఆనాటి రైతుకు ఏముంది? 1882లో సర్కారే ఆ కాలువను కొనుక్కోవాల్సి వచ్చింది. ఇంత కాలువ తవ్వే ముందు రైతు అరుగు మీద కూర్చొని నాలుగు మాటలు అడిగి ఉంటే ఎంత బాగుండేదో!

ప్రాజెక్టు చేసే ఈ రెండు నెలలు "నాకేమీ తెలియదు" అని నువ్వు ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఉద్యోగంలో చేరినాక ఆ మాట నోటికి రాదు.

ప్రాజెక్టుకు హైదరాబాదులో ఏదో ఒక ఆఫీసులోనే చేరాలనుంటే చేరు. నన్నడిగితే మాత్రం కె.పి. ఉల్లి చూడమంటాను. మైదుకూరు వైపు పండే ఆ చిన్న ఎర్రగడ్డ ఘాటెక్కువని మన ఇళ్లల్లో పెద్దగా వాడరు, చెన్నై రేవు మీదుగా మలేసియా, సింగపూరు పోతుంది. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతి ఆపేసింది. ఇక్కడ తినేవాళ్లు లేని గడ్డను రైతు ఎవరికి అమ్ముకోవాల? అక్టోబరులో 10,000 టన్నులకు సడలింపు ఇచ్చినారు. ఆ మధ్య రోజుల్లో ఎవరెవరు ఎట్లా గట్టెక్కినారో పోయి అడుగు. పది మందే దొరికితే పది ఫారాలే ఇవ్వు. మార్కులు తగ్గితే తగ్గనీ.

టైపు చేయించక ముందే నువ్వు రాసుకున్న నోట్సు పట్టుకొని ఇంటికి రా. సుంకేసులకు పోయి ఆనకట్ట మీద కూర్చొని చదువుకుందాం. జొన్నరొట్టెలు కట్టివ్వమని పెద్దమ్మకు ఇప్పుడే చెప్పి పెట్టినాను.

మీ పెద్దనాయన